దారి చూపు పట్టిక



నేటి నా ప్రసంగవిషయము మీకు కొంత వింతగా తోపవచ్చును. ఒక సంఘమువారు అంతర్జాలములో నడుపుకొను వెబ్‌సైటునకు ముఖద్వారమున ఒక పట్టిక యుండును. దానిని మన పిల్లలు మెనూ అందురు. ఆ పట్టికను మార్చి తిరిగి యమర్చుట యెట్లో, అందు పెద్దలు చేయదగిన సాయ మెట్టిదో, నా యనుభవమును బట్టి మనవి చేయదలచితిని.

మెనూ అను మాట మనకు హోటలులో పరిచయమైనదే. లోపల ఏమేమి సిద్ధముగా నున్నవో బల్లమీది కాగితము చెప్పును. వెబ్‌సైటులోని మెనూ చేయు పనియు నదియే. ఐతే హోటలులో మనకు సందేహము కలిగినచో అడుగుటకు సర్వరు కలడు. ఇచ్చట మనిషి లేడు. పట్టికలోని మాటయే మనకు మనిషి. ఆ మాట బోధపడనిచో వాకిటనుండియే మరలిపోవలసివచ్చును.

“ఇది చదువుకొన్న పిల్లల వ్యవహారము, మాకేల?” యని మీరనవచ్చును. నేనును అట్లే యనుకొంటిని. కాని యిప్పుడు ఊరు విడిచి హైదరాబాదునకును అమెరికాకును పోయినవారు, ఊరిలో నున్నవారు కలసి తమ గ్రామసంఘములకు వెబ్‌సైట్లు ఏర్పరచుకొనుచున్నారు. పెండ్లి పిలుపులు, మరణవార్తలు, బడి విరాళములు, గుడి లెక్కలు అందులోనికి చేరుచున్నవి. ఊరి సంగతులన్నియు ఒక యింటిలోనికి చేరి, ఊరిపెద్దలకు ఆ యింటి తలుపు తెరచుకొననిచో, అది చిన్న విషయము కాదు.

నేను విజయవాడలోని పటమటలో నివసించుచున్నాను. పటమట ఒకనాడు పల్లె. నేడు నగరములో నొక భాగము. గ్రంథాలయోద్యమమును ఎరిగినవారికి ఈ పేరు క్రొత్తది కాదు. ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో పుట్టినది. దానికి ముఖ్యకారకులు అయ్యంకి వెంకటరమణయ్యగారు. తరువాతి కాలమున ఆ సంఘమునకు చిరకాలము సేవచేసినవారు పాతూరి నాగభూషణముగారు. ఆ యుద్యమమునకు పెద్దదిక్కైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేర సర్వోత్తమ గ్రంథాలయము ఈ పటమటలోనే వెలసినది. నాగభూషణముగారు 1935లో కృష్ణా డెల్టా కాలువమీద పడవలో గ్రంథాలయమును నడిపిరి. చదువరి పుస్తకమువద్దకు రాలేనప్పుడు పుస్తకమే చదువరివద్దకు పోవలెనని వారి భావము. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. నేను చెప్పబోవు కథకు దీనితో పని యున్నది.

నేను కొంతకాలము గ్రంథాలయములో పనిచేసి విశ్రాంతి పొందినవాడను. ఒకనాటి సాయంకాలము మా స్వగ్రామమునుండి, వరుసకు నాకు బావయైన ఒక రైతు మా యింటికి వచ్చెను. చేతిలో ఫోను. కూర్చుండకముందే ఇట్లనెను: “బావగారూ, మనవాళ్ల సంఘం పిల్లల కాలేజీ ఫీజుకి సాయం చేస్తోందట. మనుమరాలికి పెడదామని మూడు రోజుల్నుంచి వెతికి వెతికి వేసారిపోయాను. అది ఎక్కడుందో కాస్త చూసి పెట్టండి.”

నేను ఫోను తీసికొని చూచితిని. పట్టికలో ఇరువదిమూడు పేర్లున్నవి. హోమ్, అబౌట్ అస్, ఇనీషియేటివ్స్, రిసోర్సెస్, ఈవెంట్స్, గ్యాలరీ — ఇట్లు సాగినది వరుస. అక్షరములు తెలుగువే; మాటలు కావు. నేను ఒక్కొక్కటియే తెరచి మూయుచు పోగా, ఇనీషియేటివ్స్ అనుదానిలో ఎడ్యుకేషన్, దానిలో సపోర్టు, దానిలో ఒక పత్రము కనబడెను. బావగారు వెదకిన ఫీజు సాయము అదియే. దరఖాస్తుకు గడువు నాలుగు దినములక్రిందటనే దాటిపోయినది.

ఆ సంవత్సరము ఆ పిల్లకు ఫీజు వడ్డీకి తెచ్చి కట్టిరి. ధనము సంఘమువద్ద నున్నది. అక్కర మా బావగారి యింట నున్నది. నడుమ దారి లేకపోయినది. మా బావగారు మాత్రము ఎవ్వరిని నిందింపలేదు. “నాకు తెలియక పోగొట్టుకున్నాను” అనెను. ఆ మాట నా మనస్సులో ముల్లువలె నాటుకొన్నది. తెలియనిది ఆయనకు కాదు; ఆయన తెలిసికొనగోరునది ఏమో ఆ పట్టికకు తెలియదు.

నేను ఆ వెబ్‌సైటును చూచు కుఱ్ఱవాండ్రకు జరిగినది వ్రాసితిని. వారు మంచివారు, ఉద్యోగములు చేసికొనుచు రాత్రులయందు దీనికై పాటుపడువారు. “మాస్టారూ, మాకు తట్టలేదు. మీరే దగ్గరుండి సరిచేయించండి” అనిరి. నేనును ఉత్సాహముతో పూనుకొంటిని. పూనుకొని, మొదట నేనొక తప్పు చేసితిని. ఆ తప్పు ఎట్టిదో చెప్పినగాని అసలు విషయము బోధపడదు.

గ్రంథాలయములలో పుస్తకములను వర్గములుగా నమర్చుటకు పద్ధతులు కలవు. అందు మిక్కిలి ప్రచారములో నున్నది అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించినది. జ్ఞానమునంతను ఆయన పది వర్గములుగా పంచెను. మతమునకు 200 మొదలు 299 వరకు సంఖ్యలిచ్చెను. అందు అధికభాగము క్రైస్తవమునకే పోయినది. తక్కిన మతములన్నియు 290లో ఇరుకుకొన్నవి. హిందూమతమునకు దక్కినది 294.5. సాహిత్యములోను అంతే. అమెరికా సాహిత్యము 810, ఆంగ్లసాహిత్యము 820. మన తెలుగు సాహిత్యము “ఇతర భాషలు” అను మూలలో 894.827. కృష్ణాజిల్లాలో నొక పల్లె గ్రంథాలయమును తలచుకొనుడు. అందలి పుస్తకములలో ముప్పాతికభాగము తెలుగు కావ్యములు, నవలలు, పురాణములు. ఆ యింటివారికి ముఖ్యమైనవన్నియు ఆ పద్ధతిలో “ఇతరము”లే యగును! డ్యూయీ మనకు కీడు తలపెట్టినవాడు కాడు. ఆయన తాను కూర్చున్న చోటినుండి లోకమును చూచెను. పట్టిక వ్రాసిన ప్రతివాడును అట్లే చూచును.

ఇది తెలిసియుండియు నేను మోసపోయితిని. విద్య, వైద్యము, వ్యవసాయము, సంస్కృతి, చరిత్ర, ప్రకీర్ణము అని ఆరు వర్గములు వ్రాసి, ఇరువదిమూడింటిని అందులో సర్ది, మంచి తెలుగు పేర్లు పెట్టితినని సంతోషించితిని. మా బావగారిని పిలిచి, “మీ నాయనగారి పేర బడికిచ్చిన విరాళము రసీదు వెదకుడు” అంటిని. ఆయన ఫోనును క్రిందికిని మీదికిని జరిపి, “డబ్బు సంగతులు ఎక్కడండీ?” అని అడిగెను. నేను దానిని విద్యలో పెట్టితిని, బడికిచ్చినది గదా! ఆయన మనస్సులో అది విద్య కాదు, లెక్క. అప్పుడు నాకు తెలివి వచ్చినది. కుఱ్ఱవాండ్రు తమ సంఘపు శాఖలను బట్టి పట్టిక వ్రాసిరి. నేను శాస్త్రమును బట్టి వ్రాసితిని. వచ్చువాడు ఏ ప్రశ్నతో వచ్చునో చూచి వ్రాసినవారము ఇద్దరమును కాము.

షియాలి రామామృత రంగనాథన్‌గారు మద్రాసు విశ్వవిద్యాలయమున గ్రంథాలయాధికారిగా నుండి 1931లో గ్రంథాలయశాస్త్రమునకు ఐదు సూత్రములు ప్రకటించిరి. పాఠకుని కాలమును వృథాపుచ్చరాదనునది అందు నాలుగవది. ఉద్యోగమునందుండగా నేను ఆ సూత్రమును ఎందరికో బోధించితిని. నా పట్టికకు మాత్రము దానిని వర్తింపజేయుట మరచితిని.

రెండవ మారు మేము వేఱొక మార్గము త్రొక్కితిమి. దీనికి పాశ్చాత్య దేశములలో శాస్త్రీయమైన పేరు కలదు గాని, చీటీల పద్ధతి యనుకొన్న చాలును. ఇరువదిమూడు సంగతులను ఇరువదిమూడు చీటీలమీద విడివిడిగా వ్రాసితిమి. మా గ్రామములో రావిచెట్టు అరుగుమీద ఎనిమిదిమంది పెద్దలను కూర్చుండబెట్టి, ఒక్కొక్కరిని విడిగా పిలిచి, “వీనిలో ఏది దేనితో చేరవలెనో మీకు తోచినట్లు కుప్పలు పెట్టుడు; పిదప ఒక్కొక్క కుప్పకు మీ నోటికి వచ్చిన పేరు చెప్పుడు” అంటిమి. మేము నోరు మెదపలేదు. ఈ పద్ధతికి అదియే ప్రాణము.

ఆ మధ్యాహ్నము నేను నేర్చుకొన్నది నా ఉద్యోగకాలమంతటను నేర్చుకొనలేదు. కుఱ్ఱవాండ్రు మరణవార్తలను వార్తలలోను, పెండ్లి పిలుపులను ఈవెంట్స్‌లోను పెట్టియుండిరి. పెద్దలలో ఎక్కువమంది ఆ రెండింటిని ఒకే కుప్పలో పెట్టి, శుభాశుభములు అని పేరు చెప్పిరి. ఎంత చక్కని మాట! తరతరములుగా మన యిండ్లలో నున్నదే, మాకెవ్వరికిని తోచలేదు. వరుసకు నాకు అత్తయైన ఒక వృద్ధురాలు చీటీ చేతబట్టుకొని, “చావు కబురు వార్తల్లో పెట్టారేంటి నాయనా? వార్త రేపు చదివినా ఒకటే. చావు కబురు ఈ పూటే తెలియాలి” అనెను. ఆమె మాటలో నొక సూత్రము కలదు. పట్టికలో పైకి రావలసినది గొప్ప విషయము కాదు. ఆలస్యమైనచో చెడిపోవు విషయము. కాలువకు నీరు వదలు తేది, ఫీజు సాయపు గడువు, చావు కబురు — ఇవి ముందుండవలెను. సంఘచరిత్ర, అధ్యక్షుని సందేశము వెనుక నుండినను ఎవ్వరికిని నష్టము లేదు.

తరువాత పట్టికలో ఎన్ని పేర్లుండవలెనను ప్రశ్న వచ్చినది. ఒక కుఱ్ఱవాడు ఏడింటికి మించరాదనెను. జార్జి మిల్లర్ అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1956లో ఒక వ్యాసము వ్రాసెను. మనిషి తాత్కాలికముగా జ్ఞాపకముంచుకొనగలిగినవి ఏడింటికి అటునిటుగా నుండునని దాని సారము. కాని అది జ్ఞాపకమునకు సంబంధించిన సంగతి. పట్టిక కన్నులయెదుటనే యున్నది. దానిని కంఠస్థము చేయ బనిలేదు. కావున సంఖ్యకంటె, ఒక్కొక్క పేరు చూడగానే లోపల ఏమున్నదో తెలియుటయే ముఖ్యము.

మఱి పేర్లు తగ్గించుటకై అన్నియు లోలోపలి అరలలో దాచవచ్చునా? దీనికి జవాబు మన కాలువలలోనే యున్నది. బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియైనది. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చినది. అక్కడి నీరు ప్రధానకాలువనుండి శాఖకు, శాఖనుండి పిల్లకాలువకు, అందుండి బోదెకు, బోదెనుండి చేనికి పోవును. మలుపులు పెరిగినకొలది చివరి చేనికి చేరు నీరు తగ్గును. కాలువ చివరి భూములవారి కష్టము మీకు నేను చెప్పనక్కఱలేదు. అట్లని పిల్లకాలువలు మాని ప్రధానకాలువకే వందచోట్ల గండ్లు కొట్టినచో ఎవ్వరి పొలమును పండదు. వెబ్‌సైటులోను అంతే. తెరచిన ప్రతి తలుపువద్దను కొందరు వెనుదిరుగుదురు. ఫీజు సాయము నాలుగవ తలుపు వెనుక నుండెను; మా బావగారు రెండవ తలుపువద్దనే ఆగిపోయెను.

మూడు అడ్డగీతల గుర్తును గూర్చియు ఒక మాట చెప్పవలెను. ఫోనులో చోటు చాలదని మెనూనంతను ఒక మూల మూడు గీతల వెనుక దాచుదురు. ఈ గుర్తును 1981లో జిరాక్సు కంపెనీవారి స్టార్ అను కంప్యూటరుకై నార్మ్ కాక్స్ అను రూపకర్త గీసెను. పిల్లలకు అది చూడగానే తెలియును. మా అత్తగారికి అవి విభూతిరేఖలవలె కనబడినవి. దేవుని గుర్తనుకొని ఆమె దానిని ముట్టనేలేదు. మేము ఆ గీతల ప్రక్కన “పట్టిక” అని మూడక్షరములు వ్రాయించితిమి. అంతటితో ఆ చిక్కు తీరినది.

పేర్ల విషయమున మాకు మార్గదర్శకమైనది తెలుగు వికీపీడియా. అది 2003 డిసెంబరులో ప్రారంభమైన విజ్ఞానసర్వస్వము. ఎవరైనను చదువవచ్చును, వ్రాయవచ్చును, దిద్దవచ్చును. వ్రాయువారు తమలో తాము సంప్రదించుకొను చోటొకటి యుండవలెను గదా. ఆంగ్ల వికీపీడియాలో దానిని ఊరి నీటిపంపు అను అర్థము వచ్చు మాటతో పిలుతురు. తెలుగువారు ఆ మాటను భాషాంతరీకరింపలేదు. మన యూరిలో జనులు చేరి మాటలాడుకొను చోటేది యని ఆలోచించి, దానికి రచ్చబండ యని పేరు పెట్టిరి. చూచినవానికి వివరణ అక్కఱలేదు. పాతూరివారి పడవ పుస్తకమును చదువరి గుమ్మమునకు తెచ్చినట్లు, ఈ పేరు పనిని చదువరి మాటలోనికి తెచ్చినది. మేమును మా వెబ్‌సైటులోని ఫోరమ్ అను పేరు తీసివేసి రచ్చబండ యనుకొంటిమి.

మార్పు ఎంత మంచిదైనను, అలవాటైన దారి ఒక్క రాత్రిలో మూసివేసినచో జనులు తికమకపడుదురు. 2023 జనవరిలో ఆంగ్ల వికీపీడియాకు క్రొత్తరూపము వచ్చినది. ఎడమప్రక్క నుండు పట్టికను మూడు గీతల వెనుకకు ముడుచుకొను వీలు కల్పించిరి. అదే వ్యాసము ఇతర భాషలలో ఎచ్చట గలదో చూపు వరుసను ఎడమప్రక్కనుండి శీర్షిక సరసకు మార్చిరి. అనేకులు మెచ్చుకొనిరి, అనేకులు ఆక్షేపించిరి. ఐతే ఖాతా గలవారు కోరుకొన్నచో పాతరూపమునే ఉంచుకొనుటకు అవకాశమిచ్చిరి. ఈ మర్యాద మాకు నచ్చినది. మేము పాత పేర్లను ఒక సంవత్సరము తీసివేయలేదు. పాతచోటికి పోయినవారికి “ఇది ఫలానాచోటికి మారినది” అను చీటీ కనబడునట్లు చేసితిమి. దుకాణము వీధి మార్చినప్పుడు పాత తలుపుమీద కాగితము అంటింతుము గదా, అట్లు.

“వెదకుటకు ఒక పెట్టె యున్నది, అందులో మాట టైపుచేసినచో చాలును, ఇంత శ్రమయేల?” యని కొందరనిరి. వెదకుపెట్టె మంచిదే. కాని అందులో మాట పెట్టుటకు ఆ మాట మనకు ముందే తెలిసియుండవలెను. మనము చందా యనుకొన్నది వారు విరాళమని వ్రాసియుందురు. అన్నిటికంటె ముఖ్యమైనది, సాయము కలదని తెలియనివాడు దానిని వెదకడు. పట్టిక అడుగనివానికి సయితము కలిమిని చూపును.

చివరకు మా పట్టిక ఇట్లు తేలినది: శుభాశుభములు; కాలువ, పొలము; చదువుకు సాయము; విరాళములు, లెక్కలు; గుడి, బడి, సభలు; రచ్చబండ; ఎవరిని అడగవలెను. లెక్కించిన ఏడే యైనవి. ఆ కుఱ్ఱవాడు నవ్వెను. ఈ ఏడును మిల్లరుగారు చెప్పినందున వచ్చినవి కావు, రావిచెట్టు అరుగుమీద వచ్చినవి.

కడపటి పేరును గూర్చి చెప్పవలెను. మొదట అక్కడ సంప్రదించండి అని యుండెను. లోపల నింపవలసిన పత్రము. మా పెద్దలు దానిని చూచి, “సంప్రదించేది ఎవరిని?” అని అడిగిరి. ఇప్పుడక్కడ ఊరిలోనే యుండు ఇద్దరి పేర్లును, వారు ఫోనులో దొరకు వేళలును కలవు. అక్షరములు రానివారికిని, కన్నులు కానరానివారికిని ఏ పట్టికయు చాలదు. ఎంత మంచి పట్టికకైనను చివరను ఒక మనిషి యుండవలెను.

మరుసటి యేడు ఆషాఢములో మా బావగారు మరల పటమటకు వచ్చెను. ఈ మారు ఫోను నా చేతికీయలేదు. తానే తెరచి, చదువుకు సాయము అను చోట వ్రేలు పెట్టి, మనుమరాలి దరఖాస్తు చేరినట్లు వచ్చిన జవాబును నాకు చూపెను. వాడకట్టులో మఱి ఇద్దరు పిల్లలచేత గూడ దరఖాస్తు పెట్టించితినని చెప్పెను. మొదటి యేటి అప్పు మాత్రము ఇంకను తీరలేదు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, నేనడిగి తెలిసికొంటిని.

పెద్దలారా, మీ యూరివారును నేడో రేపో ఇట్టి వెబ్‌సైటు పెట్టుదురు, పెట్టియే యుందురు. మీ మనుమలు దానిని మీకు చూపినప్పుడు బాగున్నదని తలయూపి ఊరకుండకుడు. ఒక పని చెప్పి, దానిని మీ చేతితో మీరే వెదకి చూడుడు. దొరకనిచో, “నాకు తెలియదు” అని సిగ్గుపడకుడు. “ఈ పేరు నాకు బోధపడలేదు, మనము దీనిని ఇట్లందుము” అని చెప్పుడు. ఆ మాట వారికి వేయి రూపాయల విలువగల సాయము. ఊరి మాటలు మీవద్ద నున్నవి; యంత్రపు నేర్పు వారివద్ద నున్నది. ఈ రెండును ఒక అరుగుమీద కలసిననాడే ఊరి తలుపు ఊరివారందరికిని తెరచుకొనును.